నాన్నగారి జ్ఞాపకార్థ కృతజ్ఞతా కూడిక: 300 మందికి ఏర్పాట్లు ఎలా?

ఉప్పుటేరు
అందరికీ వందనాలు. నాన్నగారు ప్రభువునందు నిద్రించారు, భూస్థాపన అయిపోయింది. ఆయన జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెల్లించే కూడిక పెట్టాలని అమ్మ అంటోంది. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, కృష్ణా జిల్లా. చర్చిలోనే ఆరాధన, ఆవరణలో షామియానా కింద భోజనాలు. మొత్తం 300 మంది రావచ్చు, అందులో మూడోవంతు హిందూ బంధువులు, నాన్నగారి ఆఫీసువాళ్లు. తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు, రాలేడు. 40వ రోజు శనివారం పడుతోంది. కార్యక్రమ క్రమం, పుస్తకం, ఫొటోలు, భోజనం, లైవ్, సమాధి రాయి, వీటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పు మాటలు ఫోన్లో చాలానే వచ్చాయి, ఇక్కడ లెక్కలు కావాలి.

పాస్టరేట్ సెక్రటరీ
కార్డు అచ్చుకి ఇచ్చేముందు అయ్యగారి (సంఘ కాపరి, అంటే పాస్టరు) డైరీ చూడండి. శ్రమదినాల్లో (ఈస్టరుకి ముందు నలభై రోజులు) ఆయనకు వారం మధ్యలో కూడికలు ఉంటాయి. డిసెంబరు రెండోవారం దాటితే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ తిరగడం. కోత పండుగ వారం, బిషప్‌గారు నిర్ధారణ ఆరాధనకి వచ్చే వారం కూడా వదిలేయండి. శనివారం మంచిదే, కానీ అదే రోజు చర్చిలో పెళ్లి ఉందేమో రిజిస్టర్ చూసుకోండి. ముహూర్తాల నెలల్లో పెళ్లివాళ్లు మూడు నెలల ముందే చర్చి బుక్ చేసుకుంటారు.

క్రమం ఇలా వేసుకోండి. ఆరంభ కీర్తన 5 నిమిషాలు, ప్రార్థన 3, ఉత్తర ప్రత్యుత్తర పఠనం 5 (బైబిల్లోని 90వ కీర్తన గానీ 103 గానీ), రెండో కీర్తన 5, వాక్య పఠనాలు రెండు కలిపి 6, జీవిత విశేషాలు 5, సాక్ష్యాలు నలుగురికి 20, క్వైర్ పాట 5, వాక్యోపదేశం 25, కుటుంబం తరఫున కృతజ్ఞతలు 5, కానుక కీర్తన 6, ముగింపు ప్రార్థన, ఆశీర్వాదం 5. కాగితం మీద 95 నిమిషాలు. నడిచేసరికి రెండు గంటలు అవుతుంది. కాగితం మీదే రెండు గంటలు వేసుకుంటే మూడు దాటుతుంది, అప్పుడు సగం మంది భోజనాల దగ్గరే ఉంటారు.

సమయం ఎక్కడ పోతుందో ముందే చెబుతాను. మన సభల్లో పక్క సంఘాల నుంచి నలుగురైదుగురు కాపరులు వస్తారు. వాళ్లని వేదిక మీద కూర్చోబెట్టి పని ఇవ్వకపోతే ‘ఒక్క మాట’ అంటూ లేస్తారు, అది పావుగంట. అందుకని ముందురోజే ఫోన్ చేసి ఒకరికి ఆరంభ ప్రార్థన, ఒకరికి పాత నిబంధన పాఠం, ఒకరికి కొత్త నిబంధన పాఠం, ఒకరికి కుటుంబం కోసం ప్రార్థన అని పంచేయండి. పుస్తకంలో వాళ్ల పేర్లు అచ్చులో ఉంటే ఎవరూ దాటరు. ఆశీర్వాదం మాత్రం మీ సంఘ కాపరిదే.

బెరయ
బ్రదర్, 40వ రోజు అనేదాన్ని కార్డులో వేయకండి. మన అసెంబ్లీ సంఘాల్లో, చాలా బాప్టిస్టు సంఘాల్లో కూడా, 11వ రోజు, 40వ రోజు అంటే పెద్దకర్మ వాసన వస్తుందని పెద్దలు ఒప్పుకోరు. ఫొటోకి దండ, దీపం, ఆయనకిష్టమైన వంటకం ఫొటో ముందు పెట్టడం, ఇవేవీ వద్దు. చనిపోయినవారి కోసం కాదు కదా కూడిక, ఉన్నవారి ఆదరణ కోసం.

మెదక్ మెట్లు
బెరయ గారూ, సీఎస్ఐలో 40వ రోజు కూడిక మామూలే, పాస్టర్లే వచ్చి నడుపుతారు. అయినా కార్డు మీద రోజు లెక్క లేకుండా తేదీ మాత్రం వేయడంలో నష్టం లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. దండ విషయం మాత్రం ముందే అయ్యగారిని అడగాల్సిందే. కొన్ని పాస్టరేట్లలో వేస్తారు, కొన్నిచోట్ల అభ్యంతరం. మధ్యేమార్గం ఏమిటంటే ఫొటోని స్టాండు మీద బలిపీఠం ముందు కాకుండా పక్కన, ప్రసంగ వేదిక వైపు పెట్టి, కింద ఒక పూల బొకే ఉంచడం. బలిపీఠం ముందు, మధ్యలో ఫొటో పెట్టారంటే గొడవ అక్కడే మొదలవుతుంది.

హిందూ బంధువులు దండలు తెస్తారు. తీసుకోం అనకూడదు. గుమ్మం దగ్గర ఒక బల్ల, దాని దగ్గర ఒక మనిషి. ‘ఇవి సాయంత్రం సమాధి దగ్గర పెడతామండీ’ అని నమస్కారం పెట్టి తీసుకుంటే వాళ్లూ సంతోషిస్తారు, చర్చిలోనూ మాట రాదు. నిజంగానే సాయంత్రం తీసుకెళ్లి పెట్టాలి మరి.

ఉప్పుటేరు
బాగుంది. సాక్ష్యాలకి ఎవరెవరిని పిలవాలి? జాబితాలో ఇప్పటికే పదకొండుమంది ఉన్నారు.

పాస్టరేట్ సెక్రటరీ
నలుగురు చాలు, నాలుగు దిక్కుల నుంచి. ఇంటివాళ్లలో ఒకరు, ఉద్యోగంలో కలిసి పనిచేసినవాళ్లలో ఒకరు, సంఘంలో ఒకరు, ఊరివాళ్లు లేదా చిన్ననాటి స్నేహితుడు ఒకరు. ఆ చివరి మనిషి హిందువైతే మరీ మంచిది, వచ్చినవాళ్లలో మూడోవంతుకి తమ మనిషి మాట్లాడినట్టుంటుంది. మిగతా ఏడుగురి చేత తలా పది వాక్యాలు రాయించి పుస్తకంలో వేయండి.

మాట్లాడేవాళ్లకి ‘మీ అనుభవం చెప్పండి’ అంటే పుట్టుక దగ్గర మొదలుపెడతారు. ‘ఆయన చేసిన ఒక్క పని చెప్పండి, అది మీరు కళ్లారా చూసినదై ఉండాలి’ అని అడగండి. ఐదు నిమిషాలకి అదే సరిపోతుంది. ఎమ్మెల్యే గారో మరొకరో మధ్యలో వస్తే కార్యక్రమం ఆపొద్దు. ముందు వరుసలో రెండు కుర్చీలు ఖాళీ ఉంచి, జరుగుతున్న అంశం పూర్తయ్యాక రెండు నిమిషాలు ఇవ్వండి.

చేతిరాత
జీవిత విశేషాల గురించి ఎవరూ చెప్పలేదు. అందులోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తెలుగు గట్టిగా, నిదానంగా చదివితే నిమిషానికి 90 నుంచి 100 మాటలు. అంటే ఐదు నిమిషాలకి 450 మాటలు దాటకూడదు. చాలామంది నాలుగు ఫుల్‌స్కేప్ పేజీలు రాసి తెస్తారు, సగంలో చదివే మనిషికి గొంతు పూడుకుపోతుంది. కొడుకో కూతురో కాకుండా అల్లుడో మేనకోడలో చదివితే ఆగకుండా పూర్తవుతుంది.

తేదీలు నోటి మాట మీద రాయొద్దు. పాత కుటుంబ బైబిల్లో పాత, కొత్త నిబంధనల మధ్య జననాలు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకునే పేజీలు ఉంటాయి, ముందు అవి చూడండి. బాప్తిస్మం, పెళ్లి తేదీలకి చర్చి రిజిస్టర్. ఉద్యోగంలో చేరిన తేదీకి సర్వీసు పుస్తకం లేదా పెన్షన్ కాగితం. ఆ తరం వాళ్లకి బడిలో వేసిన పుట్టినతేదీ వేరు, అసలుది వేరు ఉండటం మామూలే. బైబిల్లో ఉన్నది పుస్తకానికి, రాయికి వాడండి. పెన్షన్, బ్యాంకు కాగితాల్లో మాత్రం ఆధార్‌లో ఉన్నదే ఉండాలి, లేకపోతే ఆ పనులు ఆగుతాయి.

ఏం రాయాలంటే, ఆయన రోజూ చేసిన పనులు రాయండి. సంఘంలో 20 ఏళ్లు కోశాధికారి అని ఒక వాక్యం రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. ఆదివారం కానుక లెక్కపెట్టి, చిరిగిన నోట్లు విడిగా కవర్లో పెట్టి, సోమవారం బ్యాంకు తెరవగానే మార్చుకొచ్చేవారు అని రాస్తే అందరూ తలూపుతారు. ఆసుపత్రి సంగతి రెండు వాక్యాల్లో ముగించండి. ఏ డాక్టర్ ఏమన్నాడు, ఏ టెస్టు ఎప్పుడు, ఇవన్నీ భూస్థాపన రోజునే అందరూ వినేశారు. మనవళ్ల డిగ్రీలు, జీతాలు, దేశాలు కూడా వద్దు. పేర్లు చాలు, వయసు వరుసలో. కోడళ్లు, అల్లుళ్ల పేర్లు ఒక్కటి తప్పిపోయినా ఏడాది పొడుగునా వినాలి.

డీటీపీ బాబాయ్
పుస్తకం సంగతి నేను చెబుతాను. ఏ5 సైజు, అంటే ఏ4 కాగితం సగానికి మడిచి మధ్యలో పిన్ను. పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. 8, 12, 16 అంతే. 10 పేజీల మ్యాటర్ ఇస్తే రెండు ఖాళీ పేజీలు మిగులుతాయి. మీకు 12 పేజీలు సరిపోతాయి. అట్టకి 170 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ పేపరు, లోపల మెరవని 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో. లోపల కూడా ఆర్ట్ పేపరు వేయించకండి, ట్యూబులైట్ల కింద మెరిసి పెద్దవాళ్లకి అక్షరాలు కనబడవు. అక్షరం సైజు 14 పాయింట్ల కంటే తగ్గొద్దు. 300 మందికి 200 కాపీలు చాలు, కుటుంబానికి ఒకటి చేతిలో ఉంటుంది.

కీర్తనలకి నంబరు మాత్రమే వేసి వదిలేయకండి. సంఘం బయటివాళ్ల దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండదు. పల్లవి, పాడబోయే మూడు చరణాలు పూర్తిగా అచ్చువేయండి.

ఇక అసలు తలనొప్పి. మీరు వాట్సాప్‌లో పంపేది యూనికోడ్, అంటే ఫోన్లలో వాడే అక్షరాల పద్ధతి. మన ప్రెస్సుల్లో చాలావాటిలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటిలో అక్షరాల పద్ధతి వేరు. నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, కన్వర్టర్‌లో వేసి మార్చాలి. మార్చినప్పుడు విరిగేవి ఇవి: జ్ఞ, క్ష, ర్థ లాంటి సంయుక్తాలు, ఒత్తు కింద ఒత్తు వచ్చే మాటలు, కొటేషన్ గుర్తులు, అంకెల మధ్య గీతలు. ‘జ్ఞాపకార్థ కూడిక’ అనే శీర్షికలోనే వీటిలో రెండున్నాయి, అందుకే మొదట అట్టే చూడాలి. ఇంకోటి, ఇంగ్లిష్ పేర్ల చివరి పొల్లు తర్వాత ‘గారు’ కలిపి కొడితే స్టీఫెన్‌గారు కాస్తా స్టీఫెన్గారు అవుతుంది. మధ్యలో ఖాళీ వదిలి స్టీఫెన్ గారు అని కొట్టి పంపండి, గొడవ ఉండదు.

ప్రూఫ్ ఫోన్‌లో చూడొద్దు. కాగితం మీద తీయించి, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు చూడాలి. వాక్య భాగాల అధ్యాయం, వచనం అంకెలు విడిగా మళ్లీ ఒకసారి. 1 థెస్స 4:13-18 పోయి 1 తిమోతి 4:13 పడితే పాఠం చదివే ఆయన అక్కడే నిలబడిపోతాడు.

ఉప్పుటేరు
బాబాయ్ గారూ, ఫ్లెక్సీ కూడా వేయిద్దామని. ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కావాలని షాపతను అన్నాడు. మా దగ్గర ఉన్నవి వాట్సాప్‌లో వచ్చినవే.

డీటీపీ బాబాయ్
పుస్తకానికి 300 డీపీఐ, ఫ్లెక్సీకి అక్కర్లేదు. 8×5 అడుగుల ఫ్లెక్సీ అసలు సైజులో 72 డీపీఐ ఉంటే చాలు, పది అడుగుల దూరం నుంచి చూస్తారు కదా. పుస్తకం అట్ట నిండా ఫొటో కావాలంటే సుమారు 1750×2480 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, ముఖం మైనపు బొమ్మలా అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. అన్నిటికంటే మంచిది పాత ప్రింటు దొరికితే స్కాన్ చేయడం. మూడున్నర బై ఐదు అంగుళాల ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2100×3000 వస్తుంది, అట్టకి సరిపోతుంది.

స్టూడియోవాళ్లు కోటు, టై తగిలిస్తామంటారు, నెత్తిన పరలోక ద్వారం, పావురం పెడతామంటారు. జీవితమంతా తెల్లచొక్కాలో తిరిగిన మనిషికి కోటెందుకు?

నెగటివ్ బాక్స్
పాత ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి. ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పైపొర, అద్దానికే ఉండిపోతుంది, ముఖమే పోతుంది. అద్దంతో సహా ఫొటో తీయాలి. కిటికీ పక్కన వెలుగు ఒక వైపు నుంచి పడేలా పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ పట్టుకుంటే మీ నీడ, ట్యూబులైటు అద్దంలో కనబడవు. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్న ఫొటో కింద గోరు పెట్టి లేపితే మడత పడుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నదారం రెండు చేతులా బిగబట్టి కింద నుంచి రంపంలా నెమ్మదిగా ఆడిస్తే ఊడివస్తుంది. దారం ఆగిన చోట బలవంతం చేయకండి, పేజీతో కత్తిరించి స్కాన్ చేయండి.

స్లైడ్ షోకి 50 ఫొటోలు, ఒక్కొక్కటి 6 సెకన్లు, మొత్తం 5 నిమిషాలు. 200 ఫొటోలు వేస్తే అది పెళ్లి వీడియో. ప్రతి దశాబ్దానికీ కనీసం ఐదు ఉండేలా ఏరండి, లేకపోతే చివరి ఐదేళ్ల సెల్ఫోన్ ఫొటోలే ముప్పై ఉంటాయి. పగటిపూట షామియానా కింద ప్రొజెక్టరు ఏమీ కనబడదు, చర్చి లోపల 55 అంగుళాల టీవీ పెట్టండి. ఎంపీ4గా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ముందురోజు అదే టీవీలో ఆడించి చూడాలి. ల్యాప్‌టాప్‌లో ఆడింది కదా అని వదిలేయొద్దు.

చేతిరాత
ఫొటోలతోపాటు ఆయన బైబిలు కూడా పెట్టాలనుకుంటారు, దాదాపు అందరూ పెడతారు. ఆ కాగితం సిగరెట్ కాగితమంత పలచన. గంటలకొద్దీ బల్ల మీద వెల్లకిలా తెరిచి పెడితే నడుము కుట్టు విడిపోతుంది. రెండు అట్టల కిందా మడిచిన తువ్వాళ్లు పెట్టి, పుస్తకం సగమే తెరుచుకుని వి ఆకారంలో ఉండేలా చూడండి. పక్కన తడిపూలు వద్దు, పేజీ నిలబడటానికి రబ్బరు బ్యాండు వద్దు, చిరిగినచోట సెల్లోటేపు అసలొద్దు, అది రెండేళ్లలో పసుపుపచ్చగా మారి అక్షరాలు తినేస్తుంది.

వచ్చినవాళ్లు పేజీలు తిప్పాలని చూస్తారు. అందుకని ఆయన మార్జిన్‌లో రాసుకున్న పేజీలు మూడు ఏరి, పెద్దగా కలర్ జిరాక్స్ తీయించి పక్కన పెట్టండి, అవి పట్టుకుని చూస్తారు. ఏ వచనం పక్కన ఎర్రగీత, ఎక్కడ తేదీ వేసి పిల్లల పేరు రాసుకున్నారు, ఏ పేజీ మూల నూనె మరకతో మడత పడి ఉంది, అది చూస్తే చాలు మనిషి ఎదురుగా ఉన్నట్టుంటుంది. ప్రసంగించే అయ్యగారికి ఆ మూడు పేజీల ఫొటోలు వారం ముందు పంపండి. ఎక్కువసార్లు గీతలు గీసిన వచనమే మూలవాక్యంగా తీసుకోమని అడగొచ్చు. కీర్తనల పుస్తకంలో కూడా అంతే, నలిగిన పేజీ ఏదో అదే ఆయన పాట.

గుణదల దారి
మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులం. అడిగింది సీఎస్ఐ గురించే అయినా చదివేవాళ్లలో మావాళ్లూ ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. దివ్యబలిపూజలో (మాస్) ప్రసంగం సువార్త మీదే ఉంటుంది, చనిపోయినవారి గుణగణాలు పొగడటానికి అది చోటు కాదు. కుటుంబం తరఫున మాట్లాడాలంటే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తర్వాతి ప్రార్థన అయ్యాక నాలుగైదు నిమిషాలు అడగండి, ఒక్కరే. మొదటి పఠనం, కీర్తన, విశ్వాసుల ప్రార్థనలు ఇంటివాళ్లు చదవొచ్చు. విచారణ గురువులకి (ఆ చర్చి ఫాదరుకి) పేర్లు ముందే ఇవ్వాలి. ఆగమన (క్రిస్మస్‌కి ముందు), తపస్సు (ఈస్టరుకి ముందు), పాస్కా (ఈస్టరు) కాలాల ఆదివారాల్లో మృతుల కోసం ప్రత్యేక పూజాపాఠాలు వాడరు, అందుకని వారం మధ్య రోజు పెట్టుకుంటే మంచిది. మిగతా సాక్ష్యాలు, స్లైడ్ షో అన్నీ పూజ తర్వాత హాల్లో.

నిడదవోలు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. అమ్మగారి సంగతి. బంధువుల్లో ఎవరో ఒకరు గాజులు, బొట్టు, తెల్లచీర అంటూ మొదలుపెడతారు, ముఖ్యంగా 40వ రోజు అనేసరికి. కూడికకి వారం ముందే అయ్యగారి చేత గానీ స్త్రీల సమాజం పెద్దల చేత గానీ ఇంట్లో ఒక మాట చెప్పించండి. ఆవిడ ఏ చీర కట్టుకోవాలో ఆవిడే చూసుకుంటారు. చర్చిలో ఆవిడని మొదటి వరుసలో నడవా పక్కన కాకుండా లోపలికి కూర్చోబెట్టి, పక్కన ఒక ఆడమనిషిని పెట్టండి. నడవా పక్కనుంటే వచ్చిన ప్రతివారూ మీద పడి ఏడుస్తారు, రెండు గంటలు ఆవిడ తట్టుకోలేరు. పలకరింపులన్నీ భోజనాలప్పుడు ఒక గదిలో, ఫ్యాను కింద.

దమ్ మాస్టర్
భోజనం. వందమందికి 10 కిలోల బాస్మతి, శుభ్రం చేసిన చికెన్ 12 నుంచి 13 కిలోలు. 300 మందికి 30 కిలోల బియ్యం, 38 కిలోల చికెన్. మీకు మూడోవంతు హిందువులు అంటున్నారు, శనివారం నీచు తినని వాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు. కాబట్టి చికెన్ బిర్యానీ 200 మందికే చేయించి, 100 మందికి శాకాహారం పెట్టండి. వెజ్ బిర్యానీ ఒక్కటే పెడితే పెద్దవాళ్లు తినరు. తెల్లన్నం, పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు ఉండాలి. తెల్లన్నానికి వందమందికి 13 కిలోల సోనామసూరి, రెండో వంట కూడా ఉంటే 8 చాలు. శాకాహారం వేరే పొయ్యి, వేరే గరిటెలు, వడ్డించే బల్ల కూడా దూరంగా. పక్కపక్కన పెడితే గరిటెలు మారిపోతాయి, ఆ తర్వాత వాళ్లు నీళ్లు కూడా ముట్టరు.

పెరుగు మొత్తానికి 25 కిలోలు. తాగునీళ్లు 20 లీటర్ల క్యాన్లు 15, ఎండాకాలమైతే 20. ఆరాధనకి ముందు టీ ఇవ్వాలంటే వంద కప్పులకి 8 లీటర్లు, అందులో పాలు 5.

దమ్ విప్పే టైము మాత్రం ఆరాధన ముగింపుని బట్టి ఉండాలి. 10:30కి మొదలైతే 12:30కి అయిపోతుందని అనుకుని వంటవాడు 12:15కి దమ్ తీసేస్తాడు. సాక్ష్యాలు సాగి రెండయితే అడుగున బియ్యం ముద్దవుతుంది, పైన ఎండిపోతుంది. వండిన చికెన్ వేడి తగ్గాక రెండు గంటలకు మించి ఉంచడం మంచిది కాదు. వాక్యోపదేశం మొదలవగానే వంటశాలకి ఫోన్ చేసే బాధ్యత ఒక కుర్రాడికి అప్పజెప్పండి, అప్పుడు దమ్ పెట్టాలి.

మైక్‌సెట్
చర్చిలో ఉన్న సెట్టే వాడండి, కొత్తది అద్దెకి తెచ్చి కలపకండి. కీచుమనే శబ్దం ఎందుకొస్తుందంటే స్పీకరు మైకు వెనక ఉండి, దాని మోత మళ్లీ మైకులో పడుతుంది. స్పీకర్లు ఎప్పుడూ మైకుకంటే ముందుకి, జనం వైపు. కార్డ్‌లెస్ మైకులు రెండూ ఒకే ఫ్రీక్వెన్సీవి అయితే కొట్టుకుంటాయి. కొత్త బ్యాటరీలు రెండు జతలు జేబులో ఉండాలి. సాక్ష్యం చెప్పేవాళ్లకి చేతి మైకు ఇవ్వకండి, చేయి వణికి దూరం పోతుంది. స్టాండు మైకు పెట్టండి. జనరేటరు 5 కేవీఏది చాలు, గోడ అవతల, పొగ గాలివాటుకి పోయేటట్టు. షామియానాలో లౌడ్‌స్పీకరు పెడితే పోలీసు స్టేషన్లో అనుమతి కాగితం తీసుకోండి.

దూరపు తమ్ముడు
లైవ్ గురించి. ఉదయం 10:30 అంటే న్యూజెర్సీలో వేసవిలో అర్ధరాత్రి దాటి 1 గంట, చలికాలం సరిగ్గా 12. గల్ఫ్ వాళ్లకి ఇబ్బంది లేదు, దుబాయ్‌లో 9, కువైట్‌లో 8. అమెరికా వాళ్లే ముఖ్యమైతే సాయంత్రం 6:30కి పెట్టాలి, అప్పుడు అక్కడ ఉదయం 9, చలికాలం 8. కానీ పల్లెల నుంచి వచ్చేవాళ్లకి రాత్రి తిరుగు బస్సులుండవు. అందుకని పొద్దుటే పెట్టి, తమ్ముడి సాక్ష్యం మూడు నిమిషాలు ముందే వీడియో తీయించి తెప్పించుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, కిటికీకి ఎదురుగా కూర్చుని తీయమనండి. లైవ్‌లో అతన్ని కలిపి మాట్లాడిద్దామనుకుంటే ‘వినబడుతోందా’ అనే మాటతోనే మూడు నిమిషాలూ అయిపోతాయి.

యూట్యూబ్ ఛానెల్ కొత్తదైతే మొదటిసారి లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, లేదంటే ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్. అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనబడేలా) పెట్టి లింకు వాట్సాప్‌లో పంపండి. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ ఉంటే 720 నాణ్యత నిలకడగా వస్తుంది. చర్చి గోడలు మందం, లోపల సిగ్నల్ పడిపోతుంది, ముందురోజు అదే గంటకి అక్కడే చూసుకోండి. స్లైడ్ షో వెనక క్యాసెట్ పాటలు వేస్తే కాపీరైట్ పేరుతో లైవ్ మధ్యలో ఆగిపోవచ్చు. మీ క్వైర్ పాడిన కీర్తన రికార్డు చేసి అది వేయండి. శబ్దం మైక్‌సెట్ నుంచి వైరుతో తీసుకోవాలి, ఫోన్ మైకు మీద వదిలేస్తే ఫ్యాన్లు, పసిపిల్లలు తప్ప ఏమీ వినబడవు.

ఉప్పుటేరు
సమాధి కూడా ఆ రోజుకే పూర్తి చేసి, అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తే బాగుంటుందని చిన్నాన్న పట్టు. రాయి ఎక్కడ తీసుకోవాలి? నాన్నగారి పేరిట సంఘానికి ఏదైనా ఇద్దామని కూడా ఉంది.

చీమకుర్తి రాయి
40 రోజులకి కట్టొద్దండీ. పూడ్చిన మట్టి కుంగుతుంది, కనీసం ఒక వానాకాలం దాటాలి. మీది కృష్ణా జిల్లా అంటున్నారు, నల్లరేగడి అయితే వానకి ఉబ్బి, ఎండకి బీటలిస్తుంది. ఇప్పుడు గ్రానైట్ పరిస్తే ఏడాదిలో మధ్యలో చీలుతుంది. ప్రస్తుతానికి కర్ర సిలువ, పేరు పలక, చుట్టూ ఒక వరుస ఇటుక చాలు. రాయి సంవత్సరీకానికి పెట్టండి. చిన్నాన్నగారికి పక్కనున్న పాత సమాధులు నాలుగు చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారు.

కట్టేటప్పుడు గొయ్యి 7×3 అడుగులైతే పునాది ఆ అంచు మీద కాకుండా, అన్ని వైపులా 9 అంగుళాలు బయటికి, కదపని నేల మీద పడాలి. అడుగున 6 అంగుళాల ఇసుక. పైన 4 అంగుళాల కాంక్రీటు పలక, 8 ఎంఎం ఊచలు 6 అంగుళాలకొకటి, రెండు వైపులా. దాని మీద గ్రానైట్. అప్పుడు లోపలి మట్టి కుంగినా బరువు గోడల మీదే ఉంటుంది. మొదలుపెట్టేముందు సమాధుల తోట కమిటీ దగ్గర ఎత్తు, వెడల్పు ఎంత వరకు ఒప్పుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి.

రాయి 20 ఎంఎం మందం. ఆరున్నర బై రెండున్నర అడుగుల పలక 85 కిలోల దాకా ఉంటుంది, నలుగురు పట్టాలి. మా చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ బంగారు చుక్కలతో అందంగా ఉంటుంది కానీ ముఖచిత్రం చెక్కించాలనుకుంటే అది వద్దు, ఆ చుక్కలన్నీ ముఖం మీద మచ్చల్లా కనబడతాయి. చిత్రానికి చుక్కలేని నల్లరాయి తీసుకోండి. పేరు, తేదీలు మాత్రమే అయితే గ్యాలక్సీ సరిపోతుంది.

అక్షరాలు 2 నుంచి 3 ఎంఎం లోతు. అంగుళంకంటే చిన్న అక్షరం వద్దు, ఎందుకంటే తెలుగులో ఒత్తులు అందులో మూడోవంతుకి వస్తాయి. అక్షరాలు చెక్కడానికి ఇసుక కొట్టేటప్పుడు ఆ సన్నగీతల దగ్గర స్టెన్సిల్ (రాయి మీద అంటించే అక్షరాల అచ్చు) లేచిపోయి ఒత్తు మొత్తం గుంట అవుతుంది. క్రీస్తు, ప్రభువు, జ్యేష్ఠ, ఈ మాటల దగ్గర వేలుపెట్టి చూడండి. వచనం మొత్తం చెక్కించాలని చూడకండి, రెఫరెన్సు, ఒక చిన్న వాక్యం చాలు. బంగారు రంగు ఎండకి రెండు మూడేళ్లలో వెలిసిపోతుంది, తెల్ల ఎనామెల్ ఇంకా కొన్నాళ్లు నిలుస్తుంది, పైగా మీరే మళ్లీ వేసుకోవచ్చు.

పాస్టరేట్ సెక్రటరీ
సంఘానికి ఇచ్చేదాని గురించి. ఫ్యాన్లు ఇవ్వకండి, ప్రతి చర్చిలోనూ రెక్క రెక్కకీ ఒక పేరుంది, తిరిగేటప్పుడు ఎవరి పేరూ కనబడదు. లక్ష రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే 7 శాతం లెక్కన ఏడాదికి 7000. సండే స్కూల్ పరీక్ష బహుమతులకో, వేసవి బైబిలు పాఠశాల పుస్తకాలకో అది చక్కగా సరిపోతుంది. డిపాజిట్ సంఘం ఖాతా పేరిటే ఉండాలి, కోశాధికారి సొంత పేరిట కాదు. కమిటీ తీర్మానం మినిట్స్‌లో రాయించి నకలు తీసుకోండి. అసలు కదపకూడదు, వడ్డీ ఫలానా పనికే, ఆ పని ఆగిపోతే కమిటీ ఫలానా రెండో పనికి వాడొచ్చు, ఈ మూడూ అందులో ఉండాలి. మూడోది రాయకపోతే పదేళ్ల తర్వాత డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంటుంది.

కూడికలో పట్టే కానుక ఎవరిదో కూడా పుస్తకంలో ఒక లైను వేయండి. సంఘానికా, అనాథాశ్రమానికా అని. లేకపోతే ఇంటివాళ్లకే అనుకుని కవర్లు అమ్మగారి చేతిలో పెడతారు.

ఉప్పుటేరు
అన్నీ రాసుకున్నాను. రాయి సంవత్సరీకానికే అని చిన్నాన్నకి చెబుతాను. పుస్తకం మ్యాటర్ పంపితే బాబాయ్ గారు ఒకసారి చూస్తారా?

డీటీపీ బాబాయ్
పంపండి. వర్డ్ ఫైలు, పీడీఎఫ్ రెండూ పెట్టండి, పీడీఎఫ్‌లో ఉన్నదే సరైనదని పట్టుకుని పోల్చి చూస్తాను. కుటుంబ సభ్యుల పేర్ల పేజీ మాత్రం అమ్మగారి చేత సంతకం పెట్టించి పంపండి.

చీమకుర్తి రాయి
వచ్చే ఏడాది స్టెన్సిల్ కోసినప్పుడు రాయికి అంటించకముందే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇసుక కొట్టాక చేసేదేం ఉండదు.